రెండో బ్రేకు

“కాలు పైకి లేపుతున్నానండీ, మాస్టారూ,” అని ఆమె ఆగింది.

చెప్పడం, ఆగడం, ఆ తర్వాతే తాకడం. ఆమె పని తీరు అది. మంచాన పడ్డ మనిషి ఒళ్ళు ఇంటిల్లిపాదికీ తలుపు లేని గది అయిపోతుంది. ఒకరొచ్చి దుప్పటి లాగుతారు, ఒకరొచ్చి చెయ్యెత్తి చంక తుడుస్తారు, ఇంకొకరు గడ్డం పట్టుకుని తల తిప్పుతారు. ప్రేమతోనే చేస్తారు, అడిగి మాత్రం చెయ్యరు. అందుకే ఇళ్ళకు వెళ్ళి కసరత్తులు చేయించే ఈ ఫిజియో, ప్రతి కదలికకూ ముందు అనుమతి అడిగేది.

మాస్టారికి మాట పడిపోయింది. ఒక పక్కంతా చచ్చుబడింది. రెండో పక్క చెయ్యీ లేవదు, కాలు మాత్రం ఆయనది ఆయనకు మిగిలింది. ఆ పాదం కింద ఆమె తన అరచెయ్యి ఆనించి ఉంచేది. నొక్కితే ఆపాలి, నొక్కకపోతే సాగించాలి. ఈ ఒప్పందం మొదటిరోజే కుదిరిపోయింది. కుదరక ఏమవుతుంది? మాస్టారు ఊళ్ళో సగం మందికి కారు నడపడం నేర్పినవారు. పక్కసీట్లో కూర్చుని, తన కాలి కింద విడిగా బిగించిన రెండో బ్రేకు మీద పాదం ఉంచి, నేర్చుకునేవాళ్ళ తప్పును అది తప్పు కాకముందే ఆపినవారు. అందరికీ ఆయన బ్రేకు మాస్టారు. నోటితో కంటే కాలితోనే ఆయన ఎక్కువ తిట్టారని శిష్యులు చెప్పుకుని నవ్వుకునేవారు.

పాదం నొక్కలేదు. ఆమె మడమను అరచేతిలోకి తీసుకుని, మోకాలి వెనక రెండో చెయ్యి వేసి, నిండు బిందెను ఎత్తినంత నెమ్మదిగా కాలిని పైకెత్తింది.

కిటికీ అవతల షెడ్డులో, తెల్లని గుడ్డ కప్పుకుని కారు ఉంది. బతుకంతా శిష్యుల పక్కన కూర్చున్న మాస్టారు, పని మానుకున్నాక తనకోసమని కొనుక్కున్న మొదటి కారు, కరెంటుతో నడిచేది. దాని స్టీరింగు ముందు ఆయన కూర్చున్నది ఏ కొద్ది వారాలో. ఇప్పుడు కారూ ఆయనా ఒకే గోడకు అటొకరు ఇటొకరు పడుకున్నారు.

గదిలోకి మాస్టారి కొడుకు వచ్చాడు. వెనకే పాత కార్ల వ్యాపారి వచ్చి, మంచం వైపు చూసి, చూడనట్టు గోడవైపు తిరిగాడు.

“తాళం ఈ బీరువాలోనే ఉండాలి,” అన్నాడు కొడుకు, తండ్రి తల మీదుగా చెయ్యి చాపి సొరుగు లాగుతూ. “కొన్నట్టే ఉందండీ. సరిగ్గా నడపనేలేదు.”

“నడపకపోవడమే దాని రోగం,” అన్నాడు వ్యాపారి. “ఈ కరెంటు బళ్ళు నిలబెడితే చచ్చిపోతాయండీ. పెట్రోలు బండిలా తోస్తే లేచేవి కావు. ఇంకో నెల ఆగితే నేనూ కొనను.”

“ఆగేదేముంది? నడిపేవాళ్ళెవరు? రేపో ఎల్లుండో తీసుకుపోండి. షెడ్డు ఖాళీ అయితే చక్రాల కుర్చీకి దారి వేయించాలి.”

ఆమె అరచేతిలో పాదం ఒక్కసారి బిగిసింది. వేళ్ళు వంగాయి. మడమ బరువుగా, గట్టిగా కిందికి దిగింది.

“మాస్టారు ఆపమంటున్నారండీ,” అంది ఆమె.

“కసరత్తా? ఆపెయ్యండి మరి. ఒక్కరోజుకి కొంప మునగదు.”

“కసరత్తు కాదండీ. మీరన్న మాట.”

కొడుకు సొరుగు మూసి ఆమెవైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అలసిన మనిషి అలసిన మనిషిని చూసినట్టు ఉంది. “మేడమ్, ఆ కాలు అలాగే అదురుతూ ఉంటుంది. పెద్ద డాక్టరుగారు కూడా చెప్పారు. నాన్నకేం తెలుస్తుందని... మీరు అలాంటివి అనకండి. అమ్మ వింటే ఆశపడుతుంది.”

తాళం దొరికింది. వ్యాపారి షెడ్డులోకి వెళ్ళాడు. ఆ మాట అమ్మ వినలేదు గానీ, కారు అమ్మకం సంగతి విని, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“వాడెవడో పరాయివాడికెందుకురా?” అంది మాస్టారి భార్య. “అమ్మాయ్, నువ్వే తీసుకోరాదూ! మొన్న వానలో స్కూటరు జారి మోచెయ్యి గీరుకుపోయిందిగా. కారు కొనుక్కోవాలనీ అంటున్నావు. ఇంట్లో మనిషివి. నీకైతే నాకు దిగులుండదు.”

“అదీ మంచిదే,” అన్నాడు కొడుకు. “వ్యాపారి ఇస్తానన్నది మేడమ్ ఇస్తే చాలు. నాకేం బేరాలు లేవు.”

వేడి గిన్నె ముట్టుకున్నట్టు ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. రోగి ఇంట్లో మంచినీళ్ళు తప్ప మరేదీ పుచ్చుకోవద్దని ఆమెకు పని నేర్పిన పెద్దావిడ చెప్పిన మాట చెవిలో ఇంకా పచ్చిగానే ఉంది. “వద్దండీ, వద్దు! నాకేం వద్దు. మాస్టారి కారు మాస్టారికే ఉండనివ్వండి. ఆయనకు ఇష్టం లేదు, చూస్తున్నాగా!” అని గబగబా లేచింది. రబ్బరు పట్టీలు చుట్టింది, తువ్వాలు మడిచింది, సంచీ సర్దింది.

అరచెయ్యి లేని చోట మాస్టారి పాదం కాసేపు గాలిలో నిలిచింది. దేనికోసమో వెదికినట్టు అటూ ఇటూ కదిలి, పరుపు మీదికి వాలింది. అలసిపోయారు కాబోలు, అనుకుందామె.

ఆమె భర్త అచ్చు యంత్రాల దగ్గర సిరాలు కలిపే పనివాడు. ఎంత తోమినా గోళ్ళ చివర ఏదో ఒక రంగు మిగిలేది. గోరు చూసి ఆ రోజు ఏం అచ్చు వేశారో ఆమె చెప్పగలిగేది. ఆ సాయంత్రం పసుపు. అరటిపండు ఒలుస్తూ అతడు అంతా విన్నాడు.

“దాదాపు కొత్తదట, ధరా తక్కువట. అయినా వద్దన్నాను,” అని ఆమె ముగించింది.

“బతికించావు!” అన్నాడు భర్త. “ఇంకా నయం, సరే అని వచ్చావు కాదు.”

“అదేమిటండీ? పాతదైతే భారం తగ్గుతుందని మొన్న నేనంటే, సగం ఒప్పుకున్నారుగా?”

“సగమే ఒప్పుకున్నాను. మిగతా సగం మనసులో ఏడుస్తూనే ఉంది.” పండు రెండు ముక్కలు చేసి పెద్దది ఆమెకిచ్చాడు. “చూడు, అన్నయ్య చొక్కాలు తొడిగాను. అన్నయ్య పుస్తకాలు చదివాను. అన్నయ్య సైకిలు తొక్కాను, సీటు దించి. నాకోసమే కొన్నదంటూ ఏదైనా ఉందా అని వెతికితే...”

“పెళ్ళిబట్టలు?”

“అన్నయ్య పెళ్ళి సూటేనోయ్! చేతులు పొట్టి చేయించి వేసుకున్నాను. ఫోటోలో నా మొహం చూడు, భుజాలు బిగిసి ఎలా ఉందో. మొత్తానికి నా జీవితంలో కొత్తగా వచ్చింది నువ్వొక్కతివే.”

ఆమె నవ్వింది. అతడూ నవ్వాడు గానీ, అరటితొక్కను అవసరానికి మించి సన్నగా మడుస్తూ ఉండిపోయాడు. ఆ మడత చూసి ఆమె నవ్వు ఆపింది.

“కొత్తదే తీసుకుందాం లెండి,” అంది. “నాకూ మనసు నిమ్మళంగా ఉంటుంది. ఒకరి ఉసురు పోసుకోకుండా.”

మర్నాడు షోరూములో నేల అద్దంలా ఉంది. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక ఇద్దరూ గుమ్మం దగ్గర ఒక క్షణం తటపటాయించారు. అమ్మకాల కుర్రవాడు చొక్కా మడత చెదరకుండా వంగి తలుపు తెరిచాడు. ఒకసారి చార్జింగు పెడితే కిందటేటి బండి కంటే ఎక్కువ దూరం వెళుతుందన్నాడు. బ్యాటరీకి పూచీ కంపెనీదన్నాడు. పాత బండి బ్యాటరీ లోపల ఎంత అరిగిందో కొనేవాడికి కంటికి కనపడదన్నాడు.

“అయినా మేడమ్, పాత బండి కొంటే ఒకరి అలవాట్లు కూడా కొనుక్కున్నట్టే,” అన్నాడు చివరికి, నవ్వుతూ.

భర్త ఈ మాటలేవీ వినలేదు. రంగుల అట్ట ముందు నిలబడి ఒక్కొక్క ముక్కనూ వెలుతురుకు వంచి చూస్తున్నాడు. “దీన్ని నీలమని ఎలా రాశారండీ? ఇది నీలం కాదు. నీలానికి మేనత్త కొడుకు.” కుర్రవాడు తెల్లబోయాడు. “ఇదిగో, ఇదీ నీలం. ఇందులో చిటికెడు నలుపు పడింది. బాగా కలిపారు.” ఆ అట్ట తీసుకోవచ్చా అని అడిగి, రెండువేళ్ళతో పట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

నడిపి చూడమంటే ఆమె కూర్చుంది. చప్పుడు లేదు, దారి తనంతట తానే వెనక్కి జరుగుతున్నట్టుంది. పక్కసీట్లో కుర్రవాడు తెరమీది బొమ్మలను వివరిస్తున్నాడు. మలుపు దగ్గర ఒక ఆటో అడ్డం వచ్చింది. ఆమె కాస్త ఆలస్యంగానే బ్రేకు నొక్కింది. అప్రయత్నంగా పక్కకు చూసింది. నున్నగా మెరుస్తున్న బూట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటికి ఏ భయమూ లేదు. ఎవరి బాధ్యతా వాటి మీద లేదు.

“ఎల్లుండి వచ్చి సంతకాలు పెడతాం,” అన్నాడు భర్త, దిగుతూ. దారి పొడుగునా మధ్యమధ్య జేబు తడుముకున్నాడు.

తర్వాతి రోజు ఆమె మాస్టారి ఇంటికి వెళ్ళేసరికి వరండాలో ఇనుపతాడు చుట్ట పడి ఉంది. కారు స్టార్టు కావడం లేదనీ, మధ్యాహ్నం వ్యాపారి లాక్కుపోతాడనీ మాస్టారి భార్య చెప్పింది. చెబుతూ కొంగు చివర వేలికి చుట్టుకుంది.

“ఆయన వరసే బాగోలేదమ్మాయ్. నువ్వెళ్ళినప్పట్నుంచీ ఇంతే. చెంచా నోటిదాకా తెస్తే పెదవి బిగిస్తారు. నా వైపు చూడరు. నేనేం చేశాను చెప్పు?”

మాస్టారు గోడవైపు ముఖం పెట్టుకుని ఉన్నారు. ఆమె మంచం అంచున కూర్చుని, అరచెయ్యి పాదం కింద ఆనించింది.

“కాలు లేపుతున్నానండీ.”

నొక్కారు.

“పోనీ, పక్కకు ఒత్తిగిలేలా చేస్తానండీ.”

నొక్కారు.

“చెయ్యి రుద్దుతాను, కాసేపే.”

నొక్కారు.

ఆమె వంగి, ఆయన చెవి దగ్గరగా, ఓదార్పుగా అంది: “కారు సంగతి మనసులో పెట్టుకోకండి, మాస్టారూ. నేను తీసుకోనని ఖచ్చితంగా చెప్పేశాను. మీవైపే ఉన్నాను నేను.”

ఇదివరకు ఎన్నడూ లేనంత బలంగా పాదం అరచేతిని పరుపులోకి అదిమింది. వదిలింది. మళ్ళీ అదిమింది. మంచం కోళ్ళు కిర్రుమన్నాయి.

ఆపమంటున్నారు. ఏది ఆపాలి?

ఒంట్లో నొప్పి ఎక్కడుందో చెప్పలేనివారి దగ్గర ఆమెకొక పద్ధతి ఉంది. తోచిన చోట చెయ్యి వెయ్యదు. భుజం నుంచి మొదలుపెట్టి వేలెడు వేలెడు కిందికి జరుగుతూ, ఇక్కడా, ఇక్కడా అని అడుగుతుంది. నొప్పి తానున్న చోట తానే పలుకుతుంది. ఇప్పుడూ అలాగే, గొంతు తగ్గించి, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది.

“కారు వ్యాపారికి ఇచ్చెయ్యమంటారా?”

నొక్కారు.

“షెడ్డులోనే ఉంచెయ్యమంటారా, ఎవరికీ ఇవ్వకుండా?”

నొక్కారు.

ఆమె చకితురాలైంది. మూడు రోజులుగా తాను ఆయన తరఫున మోస్తున్న కోరిక ఇదే మరి.

“మీ అబ్బాయిని వాడుకోమంటారా?”

నొక్కారు; కాస్త తేలికగా, వాడికి వేరే ఉందిలే అన్నట్టు.

ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. అది నోట్లోంచి రావడానికి సిగ్గుపడింది.

“నన్ను... తీసుకోమంటారా?”

అరచేతి మీద పాదం ఉంది. దాని వెచ్చదనం ఉంది, బరువు ఉంది, మడమ మీది పగుళ్ళ గరుకుదనం ఉంది. నొక్కు లేదు. గోడవైపున్న ముఖం నెమ్మదిగా, దిండు నలిగే చప్పుడుతో, ఇటు తిరిగింది.

ఆమె కదలలేదు. మొన్న ఆయన భార్య అన్నప్పుడు ఈ మాట ఇంట్లో అందరికీ వినపడింది. కొడుకు బదులు చెప్పాడు. తానూ బదులు చెప్పింది, పెద్ద గొంతుతో, తన మంచితనం తనకే వినపడేలా. చెప్పవలసిన మనిషి పాదం గాలిలో వెదుకుతూ ఉంటే, తాను సంచీ సర్దుకుంది. వేలు ఎత్తాలన్నా అనుమతి అడిగే తాను, ఆయనకున్న ఒక్క వస్తువు విషయంలో ఆయన కాలి కింద చెయ్యే లేకుండా తీర్పు చెప్పేసింది. సొరుగు కోసం తండ్రి తల మీదుగా చెయ్యి చాపిన కొడుకుకూ, తనకూ తేడా ఏముంది?

“ఇన్నేళ్ళు కాపురం చేశాను,” అంది మాస్టారి భార్య వెనకనుంచి, మెల్లగా. “మిమ్మల్నే ఒకమాట అడగాలని నాకూ తోచలేదు చూశారా.”

వరండాలోకి మాటలు వినపడి కొడుకు లోపలికి వచ్చాడు. ఆమె లేచి చోటిచ్చింది. “మీరే అడగండి. చెయ్యి ఇక్కడ పెట్టండి,” అంది.

అతడు తల్లివైపు చూసి, మొహమాటంగా కూర్చుని, తండ్రి పాదం కింద అరచెయ్యి పెట్టాడు. “నాన్నా, ఆ వ్యాపారిని... రమ్మననా?”

ఆమెకు కనిపించింది అతడి ముంజేతి నరం మాత్రమే. అది ఒక్కసారి పొంగింది. అతడు తల దించుకుని ఆ పాదాన్నే చూశాడు.

“నాకు నేర్పేటప్పుడు ఇంతే,” అన్నాడు చివరికి. “నేను బ్రేకు వేద్దామనుకునేలోపే పడిపోయేది. ఈయన కాలే. ఇది అదురు కాదు.”

ఇనుపతాడు చుట్ట ఆ మధ్యాహ్నం, కారు లేకుండానే, వరండాలోంచి వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళాక భర్తకు చెప్పడం వేరే పని. అతడు జేబులోంచి రంగుల అట్ట తీసి బల్లమీద పెట్టి, తాను ఎంచుకున్న నీలం ముక్క మీద బొటనవేలు ఉంచి విన్నాడు. ఆ రోజు గోటికి ఎరుపు.

“కొత్తదే కావాలంటే కొత్తదే కొందాం,” అంది ఆమె. “ఆయనకు నేనే చెబుతాను. ఈసారి మాత్రం మిమ్మల్ని అడుగుతున్నాను. నిజంగానే.”

అతడు వేలు తియ్యలేదు. “అన్నయ్య చొక్కాలు నాకు అన్నయ్య ఇచ్చాడనుకున్నావా? అమ్మ బీరువాలోంచి తీసి నాకు తొడిగేసేది. ఒకటి ఉండేది, గళ్ళ చొక్కా. అది తొడుక్కుని వస్తే వాడు నన్ను చూసేవాడు కాదు, బొత్తాలను చూసేవాడు. అది నాదని నాకెప్పుడూ అనిపించలేదు.” నీలం ముక్క మీంచి వేలు తీశాడు. “ఎవరూ నాకు ‘ఇదిగో, నువ్వు వేసుకో’ అని చొక్కా ఇవ్వలేదోయ్. పాతదైనా.”

అట్టను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. “చూసొద్దాం పద, నువ్వు చెప్పిన ఆ బూడిదరంగు బండిని. ముందు దాని బ్యాటరీని ఎవరైనా పరీక్ష చెయ్యాలి సుమా. మాస్టారి మీద గౌరవం వేరు, బ్యాటరీ వేరు.”

మెకానికు వచ్చి, కారును లేపే చిన్న బ్యాటరీ మాత్రమే చచ్చిందనీ, నడిపించే పెద్దది ఒంట్లో బాగానే ఉందనీ తేల్చాడు. వ్యాపారి చెప్పిన ధరకు ఒక్క కాసు తగ్గకుండా ఇస్తామని ఆమె అంటే, తగ్గించి తీసుకోకపోతే అలుగుతానని మాస్టారి భార్య అంది. చివరికి ఆ మాట కూడా పాదాన్ని అడిగారు. పాదం భార్య పక్షమే వహించింది. కాగితాల పని కొడుకు చూసుకున్నాడు.

తెల్లగుడ్డ లాగినప్పుడు భర్త షెడ్డు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు మీది దుమ్మును చూపుడువేలితో తుడిచి, ఆ చారలోకి వంగి చూశాడు. “బూడిద కాదోయ్,” అన్నాడు. “తడిసిన పలక.” అతడి నోట ఏ రంగుకైనా అంతకు మించిన పొగడ్త ఆమె వినలేదు.

నడిపేవారి సీటు కొద్దిగా మాసి ఉంది. పక్కసీటుకు మాత్రం కంపెనీ తొడిగిన ప్లాస్టిక్కు అలాగే ఉంది. దానిలో ఎవరూ కూర్చోలేదు.

“తీసెయ్యమంటారా?” అని ఆమె, చక్రాల కుర్చీలో ఉన్న మాస్టారి పాదాన్ని అడిగింది. నొక్కలేదు. ఆమె అంచు పట్టి లాగింది. కొత్త వాసన గుప్పుమంది.

“ముందు నడుము, తర్వాత కాళ్ళు,” అని ఆమె కొడుకుకు చూపించింది. వెడల్పాటి పట్టీ మాస్టారి నడుముకు కట్టింది. కుర్చీ చక్రాలు బిగించింది. కొడుకు తండ్రి భుజాల కింద చేతులు చాపి, తాకబోయి, ఆగాడు.

“నాన్నా, పట్టుకుంటున్నాను,” అన్నాడు. అని, వేచి ఉన్నాడు.

మాస్టారు సీటులోకి చేరారు. చచ్చుబడ్డ కాలిని ఆమె లోపలికి తెచ్చింది. బాగున్న కాలు తానే వచ్చి, పెడలంటూ లేని చోట, కొత్త మ్యాటు మీద, ఎప్పుడూ ఉండే చోట కూర్చుంది. ఆమె స్టీరింగు ముందు కూర్చుంది; వెనక మాస్టారి భార్యా, తన భర్తా ఎక్కారు. కొడుకు గేటు తెరిచాడు.

“పోనివ్వమంటారా, మాస్టారూ?”

పాదం కదలలేదు. కారు కదిలింది.

గేటు దాటగానే వీధి గతుకు దగ్గర ఆమె కాస్త తొందరపడింది. పక్కన పాదం మ్యాటును ధన్‌మని కొట్టింది. ఆమె బ్రేకు వేసింది. వెనకనుంచి మాస్టారి భార్య, “అదిగో, మొదలెట్టారు! మాట పోయినా పోరు పోలేదు,” అని నవ్వబోయి, నవ్వలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మలుపులో మళ్ళీ నొక్కారు. ఆమె తగ్గించింది. పెద్ద దారి మీదికి వచ్చాక, ముందు ఏమీ అడ్డం లేని చోట, పాదం మ్యాటు మీంచి కొంచెం పైకి లేచి, అలాగే నిలిచింది.

మాస్టారిని ఇంట దించారు. మంచంలో ఆయన ఈసారి కిటికీవైపు ముఖం పెట్టుకుని పడుకున్నారు. షెడ్డు ఖాళీగా ఉంది. రేపు తాపీపనివాళ్ళు వస్తారు.

పనికి ఆలస్యమైందని భర్త, మాస్టారి కొడుకు స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. ఆమె ఒక్కతే కారెక్కింది. పక్కసీటు ఖాళీగా ఉంది. దాని ముందు కొత్త మ్యాటు మీద, నూగు ఒకవైపుకు వాలి, మడమ ముద్ర స్పష్టంగా ఉంది.

గేటు దాటింది. గతుకు ఇంకా కొంచెం దూరం ఉండగానే, ఎవరూ నొక్కకుండానే, ఆమె వేగం తగ్గించింది.